నాపరాయి గనులా, సిమెంట్ ఫ్యాక్టరీయా: ఊరికి ఏది మేలు?

పాత కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలు కలిసే చోట నేల కింద ఉన్నది చాలావరకు ఒకే జాతి సున్నపురాయి. భూగర్భ శాస్త్రం వాళ్లు నర్జి సున్నపురాయి అంటారు. బేతంచెర్ల వైపు దాన్ని పలకలుగా లేపి నాపరాళ్లుగా అమ్ముతారు. ఎర్రగుంట్ల వైపు అదే రాయిని పేల్చి, పొడి కొట్టి, కాల్చి సిమెంట్ చేస్తారు. కొలిమిగుండ్ల మండలంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి: తరాలుగా నడుస్తున్న నాపరాయి గనులు, 2022లో మొదలైన రామ్‌కో సిమెంట్ ఫ్యాక్టరీ. కొత్త లీజు వస్తోందని తెలిసిన ప్రతి ఊళ్లోనూ రచ్చబండ దగ్గర ఇదే వాదన. పెద్ద కంపెనీ వస్తే బాగుపడతామా, ఉన్న చిన్న గనులే నయమా?

ముందు నాపరాయి సంగతి. ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పైమట్టి తీశాక, పట్టాల మీద నడిచే కోత మిషన్ అడుగుల లెక్కన నిలువుగా, అడ్డంగా గాట్లు పెట్టుకుంటూ పోతుంది. ఆ గాట్లో ఉలి పెట్టి సుత్తితో కొట్టి, గడ్డపారతో మెల్లగా ఎత్తితే పలక లేస్తుంది. తొందరపడితే మధ్యకు విరుగుతుంది, విరిగిందానికి రేటు లేదు. చేతి వాటం తెలిసిన కూలీకి అందుకే గనిలో గిరాకీ. లేచిన పలక ట్రాక్టర్లో పాలిష్ ఫ్యాక్టరీకి పోతుంది. అక్కడ అంచులు కోసేవాళ్లు వేరు, పాలిష్ పట్టేవాళ్లు వేరు, సైజుల వారీగా పేర్చేవాళ్లు వేరు. ఆ తర్వాత లారీకెత్తే హమాలీలు. వీళ్ల చుట్టూ బ్లేడ్లకు సెగ్మెంట్లు అతికించే షాపు, మోటార్ వైండింగ్, పంక్చర్ షాపు, పొద్దున్నే ఉగ్గాణి బజ్జి అమ్మే బండి. ఒక్క పలక ఊరు దాటేలోపు ఇంతమంది చేతుల్లో నాలుగు రూపాయలు పడతాయి. గని యజమాని కూడా చాలాసార్లు అదే మండలం మనిషి. లాభం వస్తే నంద్యాలలోనో, తాడిపత్రిలోనో ఇల్లు కడతాడు, అంతకంటే దూరం పోదు.

అయితే ఇందులో చీకటి కోణం తక్కువేమీ కాదు. వారం వారం కూలి డబ్బులు చేతికొస్తాయి నిజమే, కానీ పీఎఫ్, ఈఎస్ఐ అన్న మాట చాలా గనుల్లో వినపడదు. కాలు మీద పలక పడితే ఆసుపత్రి ఖర్చు యజమాని దయ. ముందుగా అడ్వాన్స్ తీసుకున్న కుటుంబానికి అది తీరేదాకా వేరే గనికి పోయే స్వేచ్ఛ లేదు. దుమ్ముకు అడ్డంగా తలగుడ్డ కట్టుకోవడమే రక్షణ. పాలిష్ బురద వంకల్లోకి, పనికిరాని రాళ్లు రోడ్డు పక్కకు. వదిలేసిన గుంతల్లో వానకు నీళ్లు నిండితే పిల్లలకూ, పశువులకూ ప్రాణగండం. పైగా విట్రిఫైడ్ టైల్స్ వచ్చాక నాపరాయి మోజు తగ్గింది, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతూనే ఉంది. ఒక పాలిష్ ఫ్యాక్టరీ మూతపడితే పేపర్లో నాలుగు లైన్లు కూడా రావు. అదే సిమెంట్ ఫ్యాక్టరీ ఆగితే జిల్లా అంతా మాట్లాడుకుంటుంది.

ఇక సిమెంట్. సున్నపురాయిని కాలిస్తే వచ్చే గడ్డలను క్లింకర్ అంటారు, దాన్ని పొడి చేస్తేనే సిమెంట్. టన్ను క్లింకర్‌కు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. ఫ్యాక్టరీ ఏడాదికి లక్షల టన్నులు తవ్వుతుంది, కానీ ఆ తవ్వకంలో చేతి పని బహు తక్కువ. డ్రిల్లింగ్, బ్లాస్టింగ్, ఎక్స్‌కవేటర్, డంపర్, క్రషర్, అంతే. కంట్రోల్ రూములో కూర్చునే ఇంజనీర్లు, కెమిస్టులు ఎక్కువగా బయటివాళ్లు. ఊరివాళ్లకు దొరికేది సెక్యూరిటీ, లోడింగ్, హౌస్‌కీపింగ్, భూములిచ్చిన కుటుంబాల్లో కొందరికి ఉద్యోగం. పర్మినెంట్ అయితే మాత్రం ఆ ఇంటి దశ తిరిగినట్టే: నెల జీతం, పీఎఫ్, పిల్లల చదువు, బ్యాంకు లోను. మా వైపు పెళ్లి సంబంధాల్లో పిల్ల తరఫువాళ్లు వేసే మొదటి ప్రశ్న ‘పర్మినెంటా, కాంట్రాక్టా?’ అన్నదే. జవాబును బట్టి కాఫీ వస్తుంది, లేదా మంచినీళ్లతో సరి.

సిమెంట్ వల్ల ఊళ్లో నిజంగా డబ్బు తిరిగేది లారీల దగ్గర. ముడిసరుకు తెచ్చే లారీ, బస్తాలు తీసుకెళ్లే లారీ, వాటి డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, దాబాలు. ఆ కిరాయి ఎవరికి దక్కాలన్నదాని మీద ఎంత పట్టు ఉంటుందో తెలియాలంటే 2024లో సిమెంట్‌లో కలిపే ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రం బూడిద) రవాణా మీద తాడిపత్రి, జమ్మలమడుగు నాయకుల మధ్య నడిచిన గొడవ గుర్తు చేసుకుంటే చాలు. బూడిద కోసమే అంత రగడ జరిగిందంటే కిరాయిలో డబ్బు ఉన్నట్టే.

సిమెంట్ వైపు చెప్పుకోదగిన రెండో లాభం జిల్లా ఖనిజ నిధి, అంటే గనుల ప్రభావం పడే ఊళ్ల కోసం పెట్టిన నిధి. 2015లో గనుల చట్టాన్ని సవరించి దీన్ని తెచ్చారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో (తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుములో) 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం ఈ నిధికి అదనంగా కట్టాలి. లెక్క వేసి చూద్దాం. మామూలు సున్నపురాయికి టన్నుకు 80 రూపాయల రాయల్టీ అనుకుంటే, ఏడాదికి 20 లక్షల టన్నులు తవ్వే గని 16 కోట్లు కడుతుంది. పాత లీజైతే నిధికి 4 కోట్ల 80 లక్షలు, కొత్త లీజైతే 1 కోటి 60 లక్షలు. రాయి అదే, దుమ్ము అదే, లీజు తేదీ మారితే ఊళ్ల వాటా మూడో వంతుకు పడిపోతుంది. ఆ డబ్బు నేరుగా పంచాయతీకి రాదు, జిల్లా ట్రస్టుకు పోతుంది. తాగునీరు, వైద్యం, చదువు లాంటివాటికి కనీసం 60 శాతం పెట్టాలని 2015 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. పెట్టారా లేదా అని ట్రస్టు జాబితా తిరగేసే సర్పంచ్ ఉన్న ఊరు అదృష్టం చేసుకున్నట్టే.

ఇప్పుడు నా తీర్పు. తవ్విన ప్రతి టన్నుకూ ఊళ్లో ఎంత డబ్బు నిలుస్తుంది అని అడిగితే నాపరాయే మేలు, అందులో నాకు అనుమానం లేదు. ఒక కుటుంబం నిలదొక్కుకోవాలంటే సిమెంట్ పర్మినెంట్ ఉద్యోగం మేలు, కానీ అది ఊళ్లో ఏ కొందరికో. మిగతావాళ్లకు అందులో దక్కేది కాంట్రాక్టు కూలి, దుమ్ము, బ్లాస్టింగ్‌కు గోడల్లో పగుళ్లు. అందుకని నాపరాయి గనులున్న భూమిని సిమెంట్ లీజు కింద కలిపేస్తామంటే ఒప్పుకోకపోవడమే మంచిది. పలకలుగా లేవని రాయి ఉన్న బీడు భూమి అయితే అది వేరే కథ, అక్కడ సిమెంట్ రావచ్చు.

రాయి ఊళ్లోనే ఇంకో రూపం తీసుకుంటేనే లాభమన్న సంగతి మంగంపేటలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఓబులవారిపల్లె మండలంలోని ఆ ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపం సుమారు 7 కోట్ల 40 లక్షల టన్నులు, ప్రపంచంలోనే పెద్దది. బరువైన రాయి కాబట్టి చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో దీని పొడి కలుపుతారు. గని రాష్ట్ర ప్రభుత్వ ఖనిజ సంస్థ ఏపీఎండీసీ చేతిలో ఉంది. రాయిని రాయిగానే ఓడ ఎక్కిస్తే ఊరికి మిగిలేది లోడింగ్ కూలి. అక్కడి మిల్లుల్లో పొడి చేసి పంపితే మిల్లు పని, బస్తాల పని, రవాణా అన్నీ ఇక్కడే. స్థానిక మిల్లులకు ఎంత సరుకు, ఎగుమతిదారులకు ఎంత అన్న పంచాయితీ ఏళ్ల తరబడి నడిచింది అందుకే. దీనికో తలనొప్పి కూడా ఉంది. చమురు ధర ఎక్కడో పడిపోతే ఇక్కడ మిల్లు ఆగుతుంది.

బంగారం గురించి ఆశ పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. తుగ్గలి మండలం జొన్నగిరిలో ప్రైవేటు గని వచ్చింది. టన్ను రాయిలో బంగారం గ్రాముల్లోనే ఉంటుంది, దాన్ని వేరు చేసేది ప్లాంటు, చేతులు కాదు. బయటకు పోయే సరుకు ఎంత చిన్నదంటే లారీ కిరాయి కూడా ఉండదు. అదే మండలంలో తొలకరి పడగానే వజ్రాల కోసం చేలల్లో వంగి వెతికే జనం వల్ల టీ కొట్లకు కలిసొచ్చేది ఎక్కువేమో అనిపిస్తుంది. విత్తనం వేసిన రైతుకు మాత్రం అది గిట్టని జాతర.

బెలూం గుహలూ ఈ సున్నపురాయిలోనివే, కొలిమిగుండ్ల మండలంలోనే. 3,229 మీటర్ల గుహ. రాయిని తవ్వకుండా టికెట్ల మీద సంపాదించే దారి అది, చిన్న ఆదాయమే గానీ తరిగిపోయేది కాదు.

నీళ్ల సంగతి మాత్రం ఏ పోలికలోనూ పక్కకు పెట్టకూడదు. వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని కె.కె. కొట్టాల ఊరి రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. బోరు మీద బతికే ఊరికి నీళ్లు పోతే కంపెనీ ఇచ్చిన ఏ ఉద్యోగమూ ఆ లోటు పూడ్చదు.

కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ టెంటు వేసిన రోజున అడగాల్సినవి కొన్నే. పర్మినెంట్ ఉద్యోగాలు ఎన్ని, ఏ ఊళ్ల వాళ్లకు? లారీల కిరాయిలో స్థానికుల వాటా ఎంత? తవ్వకానికి ముందే ఊరి బోర్ల నీటి పరీక్ష చేసి ఆ ఫలితం పంచాయతీ గోడ మీద అంటిస్తారా? గని మూసేటప్పుడు గుంత పూడ్చేదెవరు? పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వడం నిబంధనే, ముందే తెప్పించుకుని చదవాలి. చిన్న నాపరాయి గనులకు ఈ ప్రజాభిప్రాయ సేకరణ చాలావరకు ఉండదు, వాటి గుంతలు, బురద గురించి పంచాయతీలోనే పట్టుబట్టాలి. టెంటు కింద మైకులో చెప్పిన హామీని అక్కడికక్కడే మినిట్స్‌లో (సభలో జరిగింది నమోదు చేసే కాగితంలో) రాయించి, చదివి వినిపించమనాలి. మన అభ్యంతరాలు కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోవాలి.