సాల్మన్ సాగు: సముద్రంలో పంజరమా, గట్టు మీద ట్యాంకా?

రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో సాల్మన్‌కు దగ్గరి చుట్టమైన రెయిన్‌బో ట్రౌట్ చేప సాగు కేంద్రం 2025 జులైలో ప్రారంభమైన దగ్గర నుంచి నా ఫోనుకు ఒకటే ప్రశ్న. కైకలూరు దగ్గర చెరువులున్న మా బాబాయ్ అడిగారు. భీమవరంలో మేతల వ్యాపారం చేస్తున్న చిన్ననాటి స్నేహితుడు అడిగాడు. ఆక్వా గురించి నేను రాసేవి చదివేవాళ్లలో వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు. "చన్నీటి చేపను హైదరాబాద్ పక్కనే షెడ్డులో పెంచగలుగుతుంటే ఇంకా సముద్రంలో పంజరాలెందుకురా? నువ్వు కెనడాలో, వాంకూవర్ దీవిలో సాల్మన్ మధ్యనే ఉన్నావు కదా, ఏది మేలో తేల్చి చెప్పు" అన్నది బాబాయ్ మాట. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది.

ముందే చెబుతున్నాను. నేను చూసేది ఒకే లెక్క: ఆ సాగు జరిగే ఊరికి చివరకు ఏం మిగులుతుంది? రుచి, పోషకాలు, కంపెనీల షేర్ల ధరలు వగైరా గురించి రాసేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు.

ఇంకో మాట. ఈ తగవంతా సాల్మన్ బతుకులో రెండో సగం గురించే. గుడ్డు నుంచి పిల్ల వంద గ్రాములు దాటేదాకా ఎలాగూ గట్టు మీద మంచినీటి ట్యాంకుల్లోనే పెరుగుతుంది. తర్వాత ఉప్పునీటికి అలవాటుపడిన పిల్లను సముద్రంలో వల పంజరాల్లోకి దింపి, ఏడాది నుంచి రెండేళ్లు మేపి, నాలుగైదు కిలోలకు వచ్చాక పట్టుబడి చేస్తారు. ఆ సముద్రపు దశ అసలే వద్దు, అదీ షెడ్డులోనే కానివ్వండి అన్నది ట్యాంకు పక్షం.

ఆ పక్షం బలమంతా పేనులో ఉంది. మన బొచ్చెకు, శీలావతికి పట్టే పేనుకు ఈ సముద్రపు పేను దూరపు చుట్టం. చర్మాన్ని, దాని మీది జిగురును తిని బతుకుతుంది. వారం వారం దాన్ని లెక్కించడం చూశాను. పంజరం నుంచి కొన్ని చేపలను తీసి మత్తు కలిపిన నీళ్ల తొట్టిలో వేస్తారు. చేతికి తొడుగులున్న అమ్మాయి ఒక్కో చేపను రెండు చేతుల మీదకు తీసుకుని, తల నుంచి తోక దాకా తిప్పి చూస్తూ అంకెలు పైకి చెబుతుంది. పక్కన ఇంకొకరు రాసుకుంటారు. పెద్ద ఆడ పేను వెనక రెండు సన్నని పోగులు వేలాడుతుంటాయి, దారం తెగిన బొత్తాంలాగా. ఆ పోగులు గుడ్ల వరుసలు. ఒక పంజరంలో వేలు, లక్షల్లో చేపలుంటే ఆ గుడ్లకు ఇల్లు వెతుక్కునే పని లేదు. నది నుంచి సముద్రానికి బయలుదేరిన అడవి సాల్మన్ (ఎవరూ పెంచకుండా సహజంగా పుట్టిన సాల్మన్) పిల్లలు మాత్రం, వేలెడంత పొడవుతో, కొన్నిటికి పొలుసు కూడా సరిగా రాకముందే ఆ పంజరాల పక్కగా పోవాలి. ఆ వయసులో పేను పడితే తట్టుకోవడం కష్టం.

అందుకే ప్రభుత్వాలు హద్దులు గీశాయి. నార్వేలో సగటున చేపకు 0.5 పెద్ద ఆడ పేను దాటకూడదు, వసంతంలో 0.2. ఇక్కడ, మా దీవి ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో అడవి పిల్లలు వలస పోయే మార్చి నుంచి జూన్ దాకా చేపకు 3 పేలు. హద్దు దాటితే మందు, గోరువెచ్చని నీళ్లు, బ్రష్షులు. ఆ వైద్యంలో చేపే నలిగిపోతుంది. 2023లో నార్వే సముద్రపు సాగులో చచ్చిన సాల్మన్ 6 కోట్ల 28 లక్షలు. పెంచిన వాటిలో ఆరోవంతు! మన దగ్గర రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చిన ఏడాది రైతు గుండె గుర్తొస్తుంది నాకు, ఆ అంకె చూసినప్పుడల్లా. తేడా ఏమిటంటే అక్కడ ఇది దాదాపు ప్రతి ఏడాదీ జరిగే ముచ్చట.

ట్యాంకులో పేను లేదు. వల చిరిగి చేప పారిపోయే భయం లేదు. పెంట సముద్రం అడుగున పేరుకోదు. ఇంతవరకు ట్యాంకుదే పైచేయి, దీన్ని తగ్గించి చెప్పడం నాకిష్టం లేదు.

కానీ ఒక ట్యాంకు షెడ్డులో అడుగు పెట్టి చూడండి. మొదట చెవులకు తెలుస్తుంది. పంపుల హోరులో పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి. నీరంతా వడపోతల గుండా, అమ్మోనియాను తినే సూక్ష్మజీవులున్న గదుల గుండా తిరుగుతూ మళ్లీ అదే ట్యాంకుకు వస్తుంది. ప్రాణవాయువును బయటి నుంచి ఎక్కించాలి. కరెంటు ఆగి, జనరేటర్ కూడా మొరాయిస్తే మీ చేతిలో ఉండేవి నిమిషాలే. నీటికి గాలి అందించే ఏరియేటర్ ఆగిన రాత్రి చెరువు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని పరుగెత్తినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు, కాకపోతే చెరువు కొంత గడువు ఇస్తుంది. ఉప్పునీటి ట్యాంకులకు ఇంకో శత్రువు, చెరువు అడుగున నల్లమట్టి కదిలిస్తే వచ్చే కుళ్లిన గుడ్డు వాసన వాయువు. గొట్టం మూలలో కాస్త మడ్డి పేరుకుంటే చాలు. ఇన్నీ దాటి పెరిగిన చేపకు మట్టివాసన పడుతుంది. అది పోవడానికి పట్టుబడికి ముందు మేత ఆపి, శుభ్రమైన నీటిలో కొన్ని రోజులు ఉంచాలి. ఆ రోజుల్లో బరువు తగ్గుతుంది, ఖర్చు తగ్గదు.

అట్లాంటిక్ సఫైర్ కథ ఆక్వావాళ్లందరికీ తెలిసిందే. నార్వేవాళ్లు మొదలుపెట్టిన ఆ కంపెనీ అమెరికాలో, ఫ్లోరిడాలోని హోమ్‌స్టెడ్‌లో ట్యాంకుల నుంచి ఏటా 2,20,000 టన్నుల సాల్మన్ తీస్తామని చెప్పుకుంది. 2020లో మొదటి పట్టుబడి. 2021 మార్చిలో ఒక్క దెబ్బకు సుమారు 500 టన్నుల చేప పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో డెన్మార్క్‌లోని వాళ్ల షెడ్డు కాలిపోయింది. సాంకేతికత రేపు బాగుపడవచ్చు, పడుతోంది కూడా. నా అభ్యంతరం అక్కడ లేదు.

నా అభ్యంతరం హోమ్‌స్టెడ్ అన్న పేరులోనే ఉంది. సాల్మన్‌కూ ఫ్లోరిడాకూ ఏమిటి సంబంధం? మయామీ దగ్గర, కొనేవాళ్లు దగ్గర, భూగర్భంలో తగిన నీళ్లున్నాయి. అంతే. ట్యాంకుకు ఊరు అక్కర్లేదు. కరెంటు, నీళ్లు, హైవే ఉంటే ఎక్కడైనా ఒకటే. పంజరానికి మాత్రం చన్నీళ్లు, మంచి ప్రవాహం, గాలివాన తగలని మలుపు కావాలి. అలాంటి చోట్లు లోకంలో కొన్నే ఉన్నాయి, అక్కడ ఇప్పటికే మనుషులు ఉన్నారు. కంపెనీ వాళ్ల దగ్గరకు వచ్చి అడగాలి. బేరం ఆడే బలం ఊరికి వచ్చేది అక్కడే.

ఈ తీరంలోనే రెండు ఆదివాసీ ఊళ్లు ఈ ప్రశ్నకు రెండు జవాబులు చెప్పాయి. అలర్ట్ బేలోని నమ్గీస్ జాతివాళ్లు పంజరాలకు బద్ధ వ్యతిరేకులు. వాళ్ల నదికి తిరిగొచ్చే అడవి సాల్మన్ వాళ్లకు కూర ఒక్కటే కాదు, విందు, వేడుక, చావు, పెళ్లి అన్నిటిలోనూ ఉన్నది. వద్దని ఊరుకోలేదు వాళ్లు. ప్రభుత్వ నిధులు, దాతృత్వ సంస్థల సొమ్ము తెచ్చి పోర్ట్ మెక్‌నీల్ దగ్గర సొంతంగా కుటెర్రా అనే ట్యాంకు సాగు పెట్టారు. 2013లో పిల్లలు వేశారు, 2014లో అమ్మకానికి తెచ్చారు. ఉత్తర అమెరికాలో ఈ తరహాలో అట్లాంటిక్ సాల్మన్‌ను అమ్మకానికి పెంచడంలో వాళ్లు మొదటివాళ్లలో ఉన్నారు. గౌరవించదగ్గ పట్టుదల. అయితే మగ చేపలు అనుకున్నదానికంటే ముందే ఈడుకొచ్చి, కండ రంగు తగ్గి, ధర పడిపోయేది. పని దొరికింది గుప్పెడు మందికి. చివరకు షెడ్డును ఒక అమెరికా సంస్థకు లీజుకు ఇచ్చారు.

రెండో ఊరు క్లెమ్టు. కిటాసూ హైహైస్ జాతివాళ్లది. రోడ్డు లేదు. ఫెర్రీ మీద రావాలి, లేదా నీటి మీద దిగే విమానంలో. కొన్ని వందల మంది ఉంటారు. పాత చేపల కార్ఖానా మూతపడ్డాక పని లేక ఊరు ఎండిపోతున్న రోజుల్లో వాళ్లే చిన్న సాగు మొదలుపెట్టి, 1990ల చివర్లో ఒక పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. ఆ కంపెనీకి వారసురాలే ఇప్పటి నార్వే సాల్మన్ కంపెనీ మోవి. ఎన్ని పంజరాలు, ఎక్కడ అన్నదానిలో ఊరి మాట ఉంటుంది. చేప కోత, శుభ్రం చేసే షెడ్డు ఊళ్లోనే ఉంది. శీతాకాలంలో కూడా జీతం వచ్చే పని ఇదే. తెల్ల ఎలుగును చూడటానికి వచ్చే పర్యాటకుల బస కూడా ఊరివాళ్లదే, కాబట్టి వీళ్లు ప్రకృతిని అమ్ముకునేవాళ్లని అనడానికి నోరు రాదు.

కెనడా ప్రభుత్వం 2029 జూన్ 30 తర్వాత బ్రిటిష్ కొలంబియాలో తెరిచిన వల పంజరాలు ఉండకూడదని 2024 జూన్‌లో ప్రకటించింది. వందకు పైగా ఆదివాసీ జాతులు దాన్ని స్వాగతించాయి. క్లెమ్టులాంటి ఊళ్లు రాజధాని అటావా దాకా వెళ్లి ఆ నిషేధం వద్దన్నాయి. మా నీళ్లలో ఏం చేసుకోవాలో చెప్పడానికి మీరెవరు అన్నది రెండు వర్గాల వాదనలోనూ ఉంది! నేను నమ్గీస్‌వాళ్లది తప్పని అనను. అడవి సాల్మన్ పిల్లలు బయటికి వచ్చే సన్నని దారుల్లో, బ్రాటన్ దీవుల మధ్యలాంటి చోట, పంజరం ఉండకూడదనే నేనూ అంటాను. అక్కడ ఉన్న 17 సాగుల్లో పదింటిని తీసేసి, మిగతావాటిని అక్కడి ఆదివాసీ జాతుల సమ్మతికి వదిలేయడానికి 2018 డిసెంబరులో జరిగిన ఒప్పందం సరైనదే. కానీ క్లెమ్టుకు మీరు ట్యాంకు పెట్టుకోండి అని చెప్పడం హాస్యం. ట్యాంకు పెట్టేవాడు క్లెమ్టుకు ఎందుకు వస్తాడు? కరెంటు కూడా దండిగా లేని దీవికి?

పంజరం ఉన్నంత మాత్రాన ఊరు బాగుపడుతుందని కాదు. నార్వే నేర్చుకున్నది అదే. 1970లో హిట్రా దీవిలో గ్రోంట్‌వెట్ అన్నదమ్ములు 20,000 పిల్లలను తేలే పంజరంలో వేసి ఈ సాగుకు దారి చూపారు. 1973 నుంచి లైసెన్సు వచ్చింది, యజమాని ఆ ఊరివాడై ఉండాలన్నది అప్పటి విధానం. 1991లో ధరలు కూలి, పెంపకందారుల అమ్మకాల సంఘం దివాలా తీసిన ఏడాది, ఆ యాజమాన్యపు పట్టు సడలించారు. ఇక చిన్నవాళ్లను పెద్దవాళ్లు కొనుక్కుంటూ పోయారు. ఫియోర్డు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఊరిది, లాభం ఓస్లో స్టాక్ ఎక్స్ఛేంజీది అన్న కోపం అక్కడ పెరిగింది. దానికి మందుగా, ఇంకా ఎక్కువ చేపలు పెంచుకునే అనుమతులను ప్రభుత్వం కంపెనీలకు అమ్మగా వచ్చే సొమ్ములో 80 శాతం తీరంలోని మునిసిపాలిటీలకు, జిల్లాలకు పంచే నిధి పెట్టారు. 2018లో అలా వెళ్లినది దాదాపు 270 కోట్ల క్రోనర్లు. బడికి, వృద్ధాశ్రమానికి, రేవుకు. 2023లో పంజరాల లాభం మీద 25 శాతం అదనపు పన్ను కూడా వేశారు. మొదట ప్రతిపాదించింది 40 శాతం. కంపెనీలు గోల పెట్టాయి, వెళ్లిపోతామని బెదిరించాయి. ఫియోర్డును సంచిలో వేసుకుని వెళ్లలేవు కదా! ట్యాంకు కంపెనీ మీద ఇలాంటి పన్ను వేసి చూడండి, మర్నాడే పక్క దేశంలో స్థలం చూస్తుంది.

ఇదంతా వదిలేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవి చూపిస్తుంది. అక్కడి మూడు పెద్ద సాల్మన్ కంపెనీలూ ఇప్పుడు బయటి దేశాల చేతిలోనే ఉన్నాయి. 2025 మొదట్లో చేపలు పెద్ద ఎత్తున చచ్చి కొవ్వు ముద్దలు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు ముక్కు మూసుకున్నది ఊరివాళ్లు.

మిగతా దారులు కూడా అడిగారు కాబట్టి రెండు ముక్కలు. నడిసముద్రంలో చమురు వేదికల్లాంటి ఉక్కు పంజరాలు నార్వేలో ప్రయత్నించారు, అవి పెద్ద పెట్టుబడిదార్ల ఆట, పల్లెకు అందవు. వల బదులు గట్టి గోడ ఉన్న సగం మూసిన పంజరాలు, లోతు నుంచి నీళ్లు తోడుకునేవి, పేనును బాగా తగ్గిస్తాయి. అవి ఊరి దగ్గరే ఉంటాయి. ఖర్చు దిగివస్తే నా ఓటు వాటికే, ప్రస్తుతానికి దిగలేదు.

కాబట్టి బాబాయ్‌కి నేను చెప్పింది ఇది. ఊరి కోసం అయితే సముద్రమే, తక్కువ పంజరాలతో, నదీ ముఖాలకు దూరంగా, లీజు మీద ఊరి సంతకం, లాభంలో ఊరి వాటా రాసుకుని. కందుకూరు సంగతి వేరు. అక్కడ సముద్రమూ లేదు, చెడగొట్టడానికి అడవి ట్రౌట్ కూడా లేదు. అక్కడ ట్యాంకు తప్ప దారే లేదు, దాన్ని చూసి నార్వే పల్లెకు తీర్పు చెప్పలేం.

అంతా విని బాబాయ్ పేను ఫోటో పంపమన్నారు. పంపాను. పది నిమిషాలకు జవాబు వచ్చింది: "మన పేను కంటే పెద్దదేరా. దానికి అక్కడ ఏం మందు కొడతారు?"