పీడీఎఫ్‌కి ఎఫ్‌ఓ దారా, సీఎస్‌ఎస్ దారా: ఏది మేలు?

క్రోమ్ నుంచి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని (ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుని హెచ్‌టీఎమ్‌ఎల్ లాంటి వేరే రూపంలోకి మార్చే భాష; ఆ నియమాలు రాసుకునే ఫైళ్లే స్టైల్‌షీట్లు) తీసేస్తామని 2025లో గూగుల్ ప్రకటించిన దగ్గర్నుంచి నన్ను అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "మన స్టైల్‌షీట్ల గతేంటి? అన్నీ మార్చేయాలా?" అక్కర్లేదు. పోయేది బ్రౌజర్ లోపల నడిచే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ మాత్రమే. మన సిస్టమ్‌లో శాక్సన్, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ లాంటి ప్రోగ్రాములతో నడుపుకునేవాళ్లకి దాంతో పని లేదు. కాకపోతే ఆ వెనకాలే వచ్చే రెండో ప్రశ్న ఉంది చూశారా, ఆలోచించాల్సింది దాని గురించే. పీడీఎఫ్ కోసం ఇంకా ఎక్స్‌ఎస్‌ఎల్-ఎఫ్‌ఓనే (అచ్చు పేజీ ఎలా ఉండాలో చెప్పే ఎక్స్‌ఎమ్‌ఎల్ భాష, పొట్టిగా ఎఫ్‌ఓ) నమ్ముకోవాలా, లేక హెచ్‌టీఎమ్‌ఎల్ తీసి దానికి ప్రింట్ సీఎస్‌ఎస్ (వెబ్ పేజీల రూపం చెప్పే సీఎస్‌ఎస్‌నే కాగితం కోసం రాయడం) జోడించాలా?

నేను శ్రీకాకుళంలో కూర్చుని చేసేవి ఎక్కువగా మాన్యువళ్లు. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్లకు వెళ్లే బాయిలర్లు, కటింగ్ మిషన్లు, డ్రయర్లకి సంబంధించినవి. ఒకే డాక్‌బుక్ (మాన్యువళ్లు, పుస్తకాలు రాసుకునే ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి) ఫైలు నుంచి ఫోన్లో చదువుకునే పేజీ రావాలి, ప్రెస్‌కి వెళ్లే పీడీఎఫ్ రావాలి, అదీ తెలుగులో, ఇంగ్లిష్‌లో. నా మొగ్గు ఎటు ఉన్నా అది ఈ పని నేర్పిందే.

ఎఫ్‌ఓని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. పేజీ అనే దాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టిన భాష అది. ఫుట్‌నోట్లు, పేజీ మారినా మళ్లీ కనిపించే టేబుల్ హెడింగ్, పేజీ తలమీద ఆ అధ్యాయం పేరు, "ఫలానా పేజీ చూడండి" అనే నంబర్లు అన్నీ 2001లో వచ్చిన మొదటి వెర్షన్లోనే ఉన్నాయి. 2006లో 1.1 వచ్చింది, 2.0 డ్రాఫ్ట్ దగ్గరే ఆగిపోయింది. ఇక కొత్తగా ఏమీ రాదు. అలాగని అది పూర్తిగా లోపమేమీ కాదు. అప్పుడు రాసిన స్టైల్‌షీట్ ఇప్పటికీ మారు మాట్లాడకుండా నడుస్తుంది.

మరి చిక్కెక్కడ? జీడిగింజ పెంకులోని నూనె తగిలితే చర్మం పుండు పడుతుందనే హెచ్చరిక పెట్టె ఒకటి ప్రతి కటింగ్ మిషన్ మాన్యువల్లోనూ ఉంటుంది. అది రెండు పేజీల మధ్య చీలకూడదు. ఎఫ్‌ఓలో "కీప్-టుగెదర్" అని రాసి "ఆల్వేస్" అన్నామనుకోండి, ఎఫ్‌ఓని పీడీఎఫ్‌గా మార్చే అపాచీ ఫాప్ అనే ప్రోగ్రాము దాన్ని పేజీకే కాదు, లైనుకి కూడా వర్తింపజేస్తుంది. హెచ్చరిక మొత్తం ఒకే పొడుగు లైనుగా కుడి అంచు దాటి బయటికి పోతుంది. "వితిన్-కాలమ్" అని విడిగా చెబితే సరిపోతుంది, కానీ ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఎంతమంది దొరుకుతారు? సీఎస్‌ఎస్‌లో అయితే "బ్రేక్-ఇన్‌సైడ్: అవాయిడ్". డిగ్రీ అయ్యాక వెబ్ డిజైన్ నేర్చుకున్న ఏ కుర్రాణ్ని కూర్చోబెట్టినా సర్దేస్తాడు.

ఇంతకన్నా నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది: ఒక మార్పు వస్తే ఎన్ని చోట్ల చెయ్యి పెట్టాలి? ఎఫ్‌ఓ దారిలో వెబ్‌కి ఒక స్టైల్‌షీట్, ప్రింట్‌కి ఇంకొకటి, పక్కపక్కనే బతుకుతాయి. జీడినూనె జాగ్రత్తకి వేరే ఎలిమెంట్ (ఎక్స్‌ఎమ్‌ఎల్ ట్యాగు) కావాలని కస్టమర్ అడిగితే టెంప్లేట్, అంటే దాన్ని ఎలా మార్చాలో చెప్పే నియమం, రెండింటిలోనూ రాయాలి. మీరు సొంతంగా రాసుకున్న స్టైల్‌షీట్‌లో ఒకచోట రాసి రెండోచోట వదిలేస్తే ఎర్రర్ రాదు, గుర్తుంచుకోండి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో ముందే ఉన్న నియమం ప్రకారం లోపలి అక్షరాలు మాత్రం బయటికొస్తాయి, పెట్టె లేకుండా, రంగు లేకుండా, మామూలు రాతలాగా. వెబ్‌లో ఎర్రగా మెరిసే హెచ్చరిక అచ్చులో ఎవరి కంటా పడదు. సీఎస్‌ఎస్ దారిలో ఎలిమెంట్‌ని పట్టుకునే టెంప్లేట్ ఒక్కటే. అది "క్లాస్" పేరు పెట్టి వదిలేస్తుంది, తెరకీ కాగితానికీ తేడా అంతా సీఎస్‌ఎస్‌లో ఉంటుంది. పైన రూపం మరిచిపోయినా పేరైతే పోదు. క్లాస్ పేరు ఎలిమెంట్ పేరే ఉంచండి, మీ తర్వాత వచ్చేవాళ్లు వెతుక్కోనక్కర్లేదు.

తెలుగు సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ నుంచి పీడీఎఫ్ తీసే ప్రోగ్రాముల్లో వీజీప్రింట్ ప్యాంగో అనే లైబ్రరీ ద్వారా, క్రోమ్ నేరుగా, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతోనే అక్షరాలు పేరుస్తాయి. ఫాప్‌కి 2012లో వచ్చిన 1.1 నుంచి సంక్లిష్ట లిపుల కోసం సొంత ఏర్పాటు ఉంది. మీ ఫాంటుతో, మీ వెర్షన్‌తో అది ఎలా పలుకుతుందో చూడకుండా మాట ఇవ్వకండి. నా పరీక్ష మాటలు: శ్రీకూర్మం, రాష్ట్రం, ఉత్తరాంధ్ర. వత్తు విడిపోయి మధ్యలో పొల్లు కనిపించిందంటే అక్కడితో ఆపేయొచ్చు. ప్రూఫ్ చూసిన యూనిట్ ఓనరు "ఇదేటి బాబూ, మా ఊరి పేరే ఇలగైపోయింది" అన్నాక సర్దిచెప్పడం కష్టం.

సీఎస్‌ఎస్ దారిలో ముళ్లు లేవా? ఉన్నాయి. పేజీ అంచుల్లో హెడర్, ఫుటర్ రాసే వీలు క్రోమ్‌కి 131వ వెర్షన్‌లో గానీ రాలేదు. పేజీ అడుగున నిలబడే ఫుట్‌నోట్లు దానికి ఇప్పటికీ చేతకావు. వాటికోసం వీజీప్రింట్ దగ్గరికో, అదే పని చేసే ప్రిన్స్ దగ్గరికో పోవాలి. వీజీప్రింట్ ఉచితం. ప్రిన్స్ పనితనం గొప్పది, ధరా గొప్పదే. ఉచిత వెర్షన్ మొదటి పేజీ మీద తన గుర్తు వేస్తుంది. పైగా ఒక టూల్‌కి సరిపోయిన ప్రింట్ సీఎస్‌ఎస్ ఇంకోదానికి అచ్చంగా సరిపోదు. టూల్ మార్చిన రోజు కొంత టెన్షన్ తప్పదు.

లాటెక్ (పుస్తకాలు పేర్చే ఇంకో పద్ధతి) దారి ఉంది గానీ, గణితం పుస్తకాలు చేసేవాళ్లకి వదిలేద్దాం. వర్డ్ ఫైలు తీసి చేత్తో సర్దడం అసలు దారే కాదు.

డాక్‌బుక్ వాడేవాళ్లకి ఒక మాట. దాంతో వచ్చిన అసలు స్టైల్‌షీట్ ఫైళ్లలో వేలు పెట్టకండి. మీ ఫైల్లో మొదటే వాటిని ఇంపోర్ట్ చేసి, కింద మీ టెంప్లేట్లు రాసుకుంటే మీ మాటే నెగ్గుతుంది, కొత్త వెర్షన్ వచ్చినా మీ మార్పులు చెక్కు చెదరవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డాక్‌బుక్ కొత్త స్టైల్‌షీట్లైన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీఎన్‌జీ తీసుకోవచ్చు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0లో రాసినది, ప్రింట్‌ని కూడా హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ మీదుగానే తీస్తుంది.

పేజీ పేజీకీ ఫుట్‌నోట్లుండే పుస్తకాలు వేస్తూ, ఏళ్లుగా నడుస్తున్న ఎఫ్‌ఓ మీ దగ్గరుంటే దాన్ని కదపకండి. తర్వాత వచ్చే కొత్త పుస్తకాన్ని మాత్రం సీఎస్‌ఎస్ దారిలో పెట్టి చూడండి. పరీక్షకి సులువైన అధ్యాయం కాకుండా, పొడుగాటి స్పేర్ పార్ట్స్ టేబుల్ ఉన్నదే తీసుకోండి. వీజీప్రింట్ బాగా నెమ్మదించేది అక్కడే.