ఫ్రీజర్ బాక్సు అద్దెకు తీసుకున్నాం: నాలుగు స్టార్లు, ఒకటి ఎందుకు తగ్గించానంటే

పదకొండో రోజు దినాల భోజనాలకు విస్తరాకులు పరుస్తుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మా సేవలు నచ్చితే 5 స్టార్లు ఇవ్వండి, మళ్ళీ మళ్ళీ మాకు అవకాశం ఇవ్వండి" అని, కింద రెండు దండాల బొమ్మలు. శవాల ఫ్రీజర్ బాక్సు కిరాయికిచ్చేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అవకాశం అడగడమేంటని ముందు ఒళ్ళు మండింది. పక్కన పప్పు వడ్డిస్తున్న మా హమాలీ మేస్త్రీకి చూపిస్తే ఆయన బకెట్ కింద పెట్టి మరీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ పదకొండు రోజుల్లో మేం నవ్వింది అదొక్కసారే. అందుకోసమైనా రాయాలనిపించింది.

నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక ఆడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణంలో, గుమాస్తాని. పోయినాయన మా పెద్ద గుమాస్తా. అన్న అని పిలిచేవాణ్ణి, ఇక్కడా అట్లాగే రాస్తాను. తొమ్మిదేళ్ళు ఒకే బల్లకు అటొకరం ఇటొకరం కూర్చున్నాం. ఆయన రాసిన పట్టీకి, అంటే రైతు సరుకు లెక్క చీటీకి, నేను కూడిక చూడాలి, నేను రాసినదానికి ఆయన చూడాలి. తప్పు దొరికితే చాయ పైసలు తప్పు చేసినవాడివి. ఎక్కువసార్లు నేనే కట్టాను.

ఫిబ్రవరి, మార్చి అంటే మాకు ఊపిరి సలపదు. మిర్చి బస్తాలు యార్డు నిండి రోడ్డు దాకా వస్తాయి. పొద్దున జెండాపాట, అంటే ధర పలికే వేలం, ఆ తర్వాత కాంటాలు, రైతు చేతికి తక్‌పట్టీ ఇచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. ఆ ఘాటుకు తుమ్మనివాడు, దగ్గనివాడు ఉండడు. కాబట్టి ఛాతీలో మంటగా ఉందని ఎవరైనా అంటే మా దగ్గర ఎవరూ తల కూడా ఎత్తరు. ఆ గురువారం అన్న ఛాతీ రుద్దుకుంటూ, "గ్యాస్ పట్టినట్టుంది తమ్మీ, ఎడమ జబ్బ కూడా గుంజుతుంది" అన్నాడు. నేనే పోయి సోడా, గ్యాస్ గోలీ తెచ్చిచ్చాను. కాసేపు బాగానే ఉన్నాడు. ఇద్దరు రైతుల పట్టీలు రాశాడు. మూడోదాంట్లో మిర్చి రకం, లెక్క, 'తేజ, 18 బస్తాలు' అని రాసి పెన్ను ఆపాడు. 108లో ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయేసరికే అయిపోయింది. 47 ఏళ్ళు.

అన్నది కిరాయి ఇల్లు. ఇంటాయన గేటు దగ్గరే ఆపేశాడు. శవాన్ని లోపలికి తేవద్దు, పైన కిరాయికున్నవాళ్ళు ఖాళీ చేసిపోతారు అన్నాడు. ఈ మాట మన దగ్గర కొత్తది కాదు, అయినా ఆ రోజు విన్నప్పుడు కొట్టాలనిపించింది. వదిన మాత్రం, "ఆయన ఎప్పుడూ గట్టిగ మాట్లాడలె, మీరు కూడ లొల్లి చేయకుండ్రి" అంది. గల్లీలోనే టెంటు వేశాం. కొడుకు దుబాయ్ నుంచి రావాలి. టికెట్ దొరికి, శంషాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి కారులో వచ్చేసరికి శనివారం తెల్లారుతుందన్నారు. అంటే రెండు రాత్రులు. అప్పుడు వీళ్ళకు ఫోన్ చేశాం.

ఇక సర్వీసు సంగతి. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తే నలభై నిమిషాల్లో ట్రాలీ ఆటోలో తెచ్చారు. కిరాయి రోజుకు 3 వేలు అని ఫోన్‌లోనే చెప్పారు, ఇంటి ముందుకొచ్చాక మాట మార్చలేదు. అడ్వాన్స్ అడగలేదు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. పెద్దవాడికి ఇరవై రెండేళ్ళు కూడా ఉండవేమో. చెప్పులు టెంటు బయట విడిచి లోపలికి వచ్చాడు. నేల వాలుగా ఉందని రెండు ఇటుకలు అడిగి, డబ్బా ఒక పక్క పైకెత్తి పెట్టించి, పైన నీళ్ళ గ్లాసు పెట్టి చూసుకున్నాడు. ఎదురింటి పెద్దమ్మ తన వంటింటి ప్లగ్గు ఇచ్చింది. అన్నీ అయ్యాక వాడు లేచి నిలబడి, "డబ్బాకు ఎవరుంటరు? ఒక్కరే ఉండాలె, పదిమంది చెయ్యి పెట్టొద్దు" అని అడిగాడు.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేనుంటానన్నాను.

అప్పటిదాకా నేను ఆ టెంటులో ఏం చేయాలో తెలియక తిరుగుతున్నాను. చుట్టాన్ని కాదు, ఏడుద్దామంటే రావట్లేదు. సోడా తెచ్చింది నేనే కదా అన్నది ఒకటే తలలో తిరుగుతోంది. వాడు నాకు పని చెప్పాడు. లోపల 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంట్ పోయి వస్తే వెంటనే ఆన్ చేయకూడదు, ఐదు నిమిషాలు ఆగి చేయాలి, లేకపోతే కంప్రెసర్ మీద లోడు పడుతుంది. కొడుకు వచ్చేదాకా మూత తీయకూడదు. వంగి ఏడ్చేవాళ్ళ ఊపిరికి అద్దం మసకేస్తుంది, పొడి గుడ్డతో తుడవాలి, తడి గుడ్డ వద్దు. నా జేబులో ఖాళీ తక్‌పట్టీ ఒకటుంది. దాని వెనక గంట గంటకూ రాసుకున్నాను. 8 గంటలు, 5 డిగ్రీలు. 9 గంటలు, 4. 10 గంటలు, 4. కుడిపక్కన గీత కొట్టి 'కరెంట్' అని ఒక కాలమ్ కూడా పెట్టాను. ఇప్పుడు చూస్తే పిచ్చిపనిలా ఉంది. పట్టీ రాసినట్టే రాశాను. సరిచూసేవాడు అద్దం అవతల ఉన్నాడు.

తగ్గించిన స్టారు గురించి. వాళ్ళిచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వైరు మధ్యలో నల్లటేపు చుట్టి ఉంది. నేను అప్పుడే గమనించి అడగాల్సింది. రాత్రి పన్నెండు దాటాక ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. చేయి పెడితే ప్లగ్గు కాలుతోంది. తీసేసి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు, ఇరవై అయిదు నిమిషాల్లో కొత్తది తెచ్చారు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ చివర్లో లెక్క చేసేటప్పుడు ఆ కొత్తదానికి 150 రూపాయలు విడిగా వేశారు. మీ వైరు పాడైతే దాని పైసలు చనిపోయినవాళ్ళింట్లో తీసుకుంటారా? 150 పెద్ద సొమ్మేం కాదు. లెక్క తప్పు, అంతే. అన్న ఉంటే ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి నా వైపు నెట్టేవాడు.

ఇంకొకటి, స్టిక్కర్. అద్దం మీద సరిగ్గా ఛాతీ దగ్గర ఎర్ర అక్షరాలతో 'ఏసీ, నాన్ ఏసీ వైకుంఠ రథాలు లభించును' అని, కింద పెద్ద పెద్ద అంకెల్లో ఫోన్ నంబరు. వచ్చినవాళ్ళ చూపు ముందు దాని మీదే పడుతోంది. అన్న చిన్న కూతురు తొమ్మిదో తరగతి, అక్కడే కూర్చుని ఆ నంబరును పైకి చదువుతూ ఉంది, మళ్ళీ మళ్ళీ. నేను నా తువ్వాల తీసి దాని మీద కప్పాను. పక్కన రేకు మీద వేసుకోండి ఆ స్టిక్కర్, అక్కడ చోటు బోలెడుంది.

శుక్రవారం జెండాపాట కాగానే మార్కెట్ సగం మా టెంటులోనే ఉంది. ఖరీదుదార్లు, కాంటా వేసే దడువాయిలు, హమాలీలు, ఆ 18 బస్తాల రైతు కూడా. ఆయన పట్టీ ఎవరు పూర్తి చేశారో నేను అడగలేదు.

శనివారం తెల్లారి కొడుకు వచ్చాడు. మూత నేనే తీశాను. డప్పులు మొదలయ్యాక కుర్రాళ్ళు డబ్బా తీయడానికి వచ్చి స్విచ్ ఆపారు. రెండు రాత్రుల నుంచి చెవిలో ఉన్న ఆ మోటారు చప్పుడు ఒక్కసారి ఆగింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. పెద్ద కుర్రాడు వైరు చుట్టడం ఆపి నిలబడ్డాడు, నాతో ఏం మాట్లాడలేదు, ఆటోవాడు హారన్ కొట్టినా కదల్లేదు.

ఆ తర్వాతి సంగతులు రివ్యూకి సంబంధం లేవు గానీ, ఇదే అవసరంతో చదివేవాళ్ళకు పనికొస్తాయి. అన్న పాస్‌బుక్కు వదిన నా చేతికిచ్చింది. మే నెలలో 436 రూపాయల కోత కనబడింది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాది. 50 ఏళ్ళలోపు చేరి ఏటా కడుతుంటే 55 దాకా ఉంటుంది, ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు. ఆయన ఎప్పుడు చేరాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. 20 రూపాయల కోత ఉంటే అది వేరే, ప్రమాదాలకే. రెంటినీ కలిపి చూడకండి. చావు నమోదు 21 రోజుల్లోపే చేయించండి, ఆ సర్టిఫికెట్ లేకుండా బ్యాంకులో కాగితం ముందుకు కదలదు.

నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. మా మేనబావ టెలి మానస్ అని మనసు బాగోలేనివాళ్ళ కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబరు ఇచ్చాడు, 14416. ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఒకరోజు రాత్రి రెండింటికి దాబా మీదికి పోయి చేశాను. సోడా సంగతి మొదటిసారి బయటికి చెప్పింది ఆ ఫోన్ ఎత్తినామెకే. నీ తప్పేం లేదని అందరూ అన్నట్టు వెంటనే అనలేదు. ఆయన ఎట్లాంటి మనిషో చెప్పమంది. చాయ పందెం గురించి చెప్పాను. ఆ రాత్రి మూడున్నరకు పడుకున్నాను. రోజూ పడుతుందని చెప్పను. అన్నట్టు, ఛాతీ మంటతో పాటు జబ్బ గుంజుతుందని ఎవరైనా అంటే మా దుకాణంలో ఇప్పుడు సోడా తేవడం లేదు. ఆటో తెస్తున్నాం.

పోయిన వారం వాళ్ళ షాపుకు వెళ్ళాను. కాలిన పాత ఎక్స్‌టెన్షన్ మా టెంటు సామాన్లలో ఉండిపోయింది, ఇచ్చేద్దామని. డబ్బాను కడిగి ఎండలో పెట్టారు, అద్దం తెరిచి ఉంది. స్టిక్కర్ ఇంకా అక్కడే ఉంది. పెద్ద కుర్రాడు నన్ను గుర్తుపట్టాడు. "అన్నా, గంట గంటకు రాసుకున్న చిట్టి నీదే గదా? గద్దె కింద దొరికింది" అని సొరుగులోంచి తీసి ఇచ్చాడు. శనివారం 4 గంటలు, 4 డిగ్రీలు. అక్కడితో ఆగింది. కింద మొత్తం వేయలేదు, వేయడానికేం లేదు కూడా. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ 150 సంగతి కూడా అడుగుదామనే పోయాను గానీ అడగలేదు. స్టారు మాత్రం వెనక్కి ఇవ్వడం లేదు.