కార్డుల ఫ్యూజింగ్ మెషీన్, రికార్డుల ప్రెస్సు: వేడి చేయడం తేలికే, చల్లార్చడమే తంటా

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మాది ఐడీ కార్డుల షాపు. జూన్‌లో బళ్ళు, ఆ తర్వాత కాలేజీలు, దసరా అయ్యాక పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం వలంటీర్ల బ్యాడ్జీలు, మా సీజన్లు ఇవీ. పీవీసీ షీట్లను అతికించే ఫ్యూజింగ్ మెషీన్ ఏళ్ళ తరబడి వాడుతున్నా. గ్రామఫోన్ రికార్డుల పిచ్చి దానికంటే పాతది. వినైల్ రికార్డులో ఉండేదీ ప్రధానంగా పీవీసీయే (వినైల్ అంటే అదే), దాన్ని తయారుచేసే పద్ధతీ మా మెషీన్ పద్ధతే: వేడి చెయ్యి, నొక్కు, నొక్కి ఉంచే చల్లార్చు. ఈ ఫ్యూజింగ్ మెషీన్ కొనాలనుకునే వాళ్ళు ఎలా ఉంటుందని తరచూ అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

ముందు వేడి సంగతి. మా మెషీన్‌లో ఇనప పలకల్లో హీటర్లు ఉంటాయి, ప్రింటు వేసిన షీట్లను అద్దంలా మెరిసే స్టీలు ప్లేట్ల మధ్య పేర్చి, జాకీ బిగించి స్విచ్ వేయడమే. నేను 140 డిగ్రీల దగ్గర పెడతాను. ఇందులో పెద్ద కష్టం లేదు, వోల్టేజి బాగుంటే చాలు. సాయంత్రం వోల్టేజి పడిపోతే మాత్రం ఎక్కువసేపు ఆగాలి, ఆ ఆగడంలో రంగులు కొంచెం పసుపు తిరుగుతాయి, ముఖ్యంగా ఫొటోలో తెల్ల చొక్కాలు.

రికార్డు ప్లాంట్లలో ఈ పని ఎక్కువగా ఆవిరి చేస్తుంది. అచ్చు లోపల సన్నని దారులుంటాయి, వాటిలోకి ఆవిరి వదులుతారు, ముద్దగా వచ్చిన వినైల్‌ను నికెల్ స్టాంపర్ల (పాట గాళ్ళు తిరగేసి ఉన్న అచ్చు పలకల) మధ్య వందకు పైగా టన్నుల బరువుతో నొక్కుతారు, వెంటనే అవే దారుల్లోకి చల్లటి నీళ్ళు. మొత్తం అరనిమిషం అటూ ఇటూగా అయిపోతుంది! కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచే వేడి, కిలో నీటిని ఒక్క డిగ్రీ పెంచడానికి కావలసిన వేడికి సుమారు 500 రెట్లు. అందుకే అంత త్వరగా అచ్చు వేడెక్కుతుంది. మా హీటర్ పలక అలా కాదు, ఇనుమంతా వేడెక్కాలి, తర్వాత ఆ ఇనుమంతా చల్లారాలి. ఒక్క విడత పూర్తయ్యేసరికి టీ తాగి, పక్క షాపాయనతో రాజకీయాలు కూడా మాట్లాడి రావచ్చు. అలాగని బాయిలర్ పెట్టుకోమని ఎవరికీ చెప్పను, తనిఖీలు, సర్టిఫికెట్లు, చూసుకునే మనిషి, చిన్న షాపుకి అంత టెన్షన్ ఎందుకు. బాయిలర్ లేకుండా కరెంటుతో వేడిచేసే రికార్డు ప్రెస్సులు కూడా ఇప్పుడు వస్తున్నాయి.

ఇక చల్లార్చడం. అమ్మేవాళ్ళు హీటర్ ఎన్ని వాట్లో గొప్పగా చెబుతారు గానీ నీళ్ళ మాట ఎత్తరు. మా మెషీన్‌తో పాటు ఇచ్చింది పలకల్లోంచి నీళ్ళు తిప్పే ఒక చిన్న పంపు, రెండు పైపులు, అంతే. డ్రమ్ము మనమే తెచ్చుకోవాలి. చలికాలంలో దిగుల్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మేడమీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, వాటితో ఏం చల్లారుస్తాం? రెండు విడతలు తిరిగేసరికి డ్రమ్ములో నీళ్ళు స్నానానికి సరిపోతాయి. తొందరపడి తెరిచామా, కార్డు అప్పడంలా వంగి లేస్తుంది. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది కాబట్టి దానికి బాగా కిందకి, ఓ 45కి దిగాకే నేను జాకీ వదులుతాను.

వంగడానికి ఇంకో కారణం ఉంది, అది రికార్డుల వల్లే తెలిసింది. పై అచ్చు, కింది అచ్చు సమానంగా చల్లారకపోతే, చివరగా చల్లారిన వైపు ఆలస్యంగా ముడుచుకుని రికార్డు పళ్ళెంలా అవుతుంది. నా దగ్గర అలాంటివి కొన్ని ఉన్నాయి, ఒక వైపు బానే పాడతాయి, తిప్పి వేస్తే అంచు దగ్గర సూది ఈత కొడుతుంది. మా కార్డుల్లో కూడా కింది ప్లేటు దగ్గరివే వంగుతుంటే పైపులు విప్పి చూశాను, కింది పలకకి నీళ్ళు సన్నగా వెళ్తున్నాయి. 180 గ్రాముల రికార్డు అని ఎక్కువ డబ్బు తీసుకుంటారు చూడండి, మందం పెరిగితే చల్లార్చే సమయం కూడా పెరగాలి, అది ఇవ్వకపోతే ఆ బరువు వల్ల లాభం లేదని నా అభిప్రాయం. మామూలు 140 గ్రాములది నిదానంగా చల్లార్చి ఇస్తే నాకదే చాలు.

వేడి చాలకపోయినా చిక్కే. ముద్ద గాడి అడుగుదాకా పారకముందే గట్టిపడితే ఆ చోట గుడ్డ చింపుతున్నట్టు చప్పుడు వస్తుంది, దీపం కింద పెట్టి తిప్పితే మసకగా మచ్చ కనిపిస్తుంది. దాన్ని ఎంత కడిగినా పోదు. మా కార్డుల్లో ఇదే లోపం అంచులు విడిపోవడంగా బయటపడుతుంది, బడి తెరిచిన నెలకే పిల్లలు గోటితో పొరలు లాగేస్తారు.

తేమ గురించి ఒక్కమాట. రికార్డు మధ్య లేబుల్‌కి జిగురు ఉండదు, వేడికీ ఒత్తిడికీ అతుక్కుంటుంది, అందుకే ముందే దాన్ని ఓవెన్‌లో ఆరబెడతారు, లేకపోతే ఆ తేమ ఆవిరై బుడగలు వస్తాయి. ముసురు పట్టినప్పుడు మేమూ ప్రింటు షీట్లను బాగా ఆరనిచ్చాకే పేరుస్తాం.

కొనాలా వద్దా అంటే, రోజుకి కొన్ని కార్డులే చేసేవాళ్ళకి వేడికీ చల్లార్చడానికీ ఒకే అర ఉన్న ఈ మెషీన్ బానే ఉంది, నాకైతే పెట్టిన డబ్బు వచ్చేసింది. సీజన్‌లో వేలల్లో ఆర్డర్లు తీసుకునేవాళ్ళు వేడికి ఒక అర, చల్లార్చడానికి ఇంకో అర విడిగా ఉన్నది చూసుకోండి. బోరు నీళ్ళు మాత్రం పోయకండి, ఇక్కడి ఉప్పుకి లోపల దారుల్లో పొర కడుతుంది. మాకు అలాగే కట్టింది, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పంపుతో తిప్పితే చాలావరకు వదిలింది. నీళ్ళని చల్లబరిచే చిల్లర్ మెషీన్ ధరలో ఉండదు, బేరమాడేటప్పుడే దాని రేటు కూడా కలిపి అడగండి.