సీక్రెట్ ఆఫ్ మానా: ఇప్పుడు ఆడాలంటే ఏ వెర్షన్ మేలు?

ఈ ప్రశ్న ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, అందుకే అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా. 1993 ఆగస్టులో జపాన్‌లో నింటెండో వాళ్ల సూపర్ ఫామికామ్ అనే గేమ్ కన్సోల్ మీద 'సెయికెన్ డెన్సెట్సు 2' పేరుతో వచ్చిన ఈ వీడియో గేమ్ తర్వాత ఫోన్లకీ, సూపర్ నింటెండో మినీ కన్సోల్‌కీ వచ్చింది. అయితే ఇవాళ ఎంచుకోవాల్సింది రెండింట్లోనే. ఒకటి, 2019లో నింటెండో స్విచ్ కన్సోల్‌కి ఇంగ్లిష్‌లో వచ్చిన కలెక్షన్ ఆఫ్ మానా, అంటే ఈ సిరీస్‌లోని మొదటి మూడు ఆటల్ని పాత రూపంలోనే కలిపి ఇచ్చిన ప్యాక్. రెండోది, 2018లో పీఎస్4, వీటా కన్సోళ్లు, పీసీల కోసం త్రీడీలో మళ్లీ తయారుచేసిన రీమేక్.

రీమేక్‌ని చాలామంది తిట్టినంత ఘోరంగా ఏమీ లేదు. ఆటోసేవ్ ఉంది, కత్తి నాలుగు దిక్కులకే కాకుండా ఎటైనా ఝుళిపించొచ్చు, పైగా సత్రాల్లో రాత్రి బస చేసినప్పుడు ఆటలోని ముగ్గురు ముఖ్యపాత్రలు రాండీ, ప్రిమ్, పోపోయ్ మాట్లాడుకునే కొత్త సన్నివేశాలు కలిపారు, అవి నాకు నిజంగా నచ్చాయి. పాత ఇంగ్లిష్ అనువాదాన్ని టెడ్ వూల్సీ దాదాపు 30 రోజుల్లో ముగించాల్సి వచ్చింది, తెరమీద అక్షరాలకు చోటు కూడా సరిపోక చాలా సంభాషణ కత్తిరించేశారు, కాబట్టి ఆ ముగ్గురి మధ్య చనువు పాత ఆటలో అంతగా తెలియదు.

కానీ నా లెక్కలో ఏది మేలో తేల్చేది తెరమీది బొమ్మలే. ఈ ఆటలో ప్రతి సన్నివేశం చిన్న చిన్న పిక్సెల్ బొమ్మల కోసం రాసింది. ఓ బొమ్మ తల వంచితే, గిర్రున తిరిగితే, ఎగిరి పడితే చాలు, మిగతాది మన ఊహే నింపుకుంటుంది. రీమేక్‌లో అవే సంభాషణలు త్రీడీ పాత్రలకు ఇచ్చి గొంతులు కూడా పెట్టారు, కానీ పెదాలు కదలవు, మూసిన నోట్లోంచి మాట వస్తుంటే సన్నివేశంలో ప్రాణం పోతుంది. మూలన కనిపించే చిన్న దారి పటం, అదే మినీమ్యాప్‌లో మాత్రం పాత పిక్సెల్ గ్రాఫిక్సే పెట్టారు, ఆడుతున్నంతసేపూ నా కళ్లు అటే పోయేవి.

ముగ్గురు కలిసి ఒకే తెరమీద ఆడటం రెండింట్లోనూ ఉంది, అక్కడ తేడా లేదు. కలెక్షన్‌లో ఎక్కడంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు కాబట్టి ఆటోసేవ్ లేదన్న బాధా లేదు. అన్నిటికన్నా పెద్ద లాభం, 1995లో జపాన్‌కే పరిమితమైన ఈ సిరీస్ మూడో భాగం 24 ఏళ్ల తర్వాత అధికారికంగా ఇంగ్లిష్‌లో మొదటిసారి దొరికింది ఈ కలెక్షన్‌తోనే. 1991లో గేమ్‌బాయ్ అనే చేతి కన్సోల్ కోసం వచ్చిన మొదటి భాగం కూడా అందులోనే ఉంది.

ఫోన్ వెర్షన్ కలిసి ఆడేవాళ్లకు పనికిరాదు. మినీ కన్సోల్‌కి రెండే కంట్రోలర్లు, మూడోవాడు చూస్తూ కూర్చోవాలి.

స్విచ్ ఉంటే ఇంకేం ఆలోచించకండి, కలెక్షనే. పీసీ మాత్రమే ఉంటే అధికారికంగా దొరికేది రీమేకే, అదే ఆడండి, కాకపోతే మొదలుపెట్టగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి సంగీతాన్ని పాతదానికి మార్చుకోండి. హిరోకి కికుటా చేసిన ఆ బాణీలు మొదటిసారి వినేవాళ్లు అసలు రూపంలోనే వినాలి.