వర్డ్‌ప్రెస్ కేటగిరీలు, ట్యాగులు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

వర్డ్‌ప్రెస్ అంటే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్. అందులో పోస్టులను విభాగాలుగా పెట్టేవి కేటగిరీలు, పోస్టుకు తగిలించే చిన్న గుర్తింపు మాటలు ట్యాగులు. కేటగిరీలకు నేను ఫస్ట్ క్లాసు ఇస్తాను. ట్యాగులకు పాస్ మార్కులే, అవీ ఒక షరతు మీద.

మాది తెలుగు వంటల సైటు. రాసేది మా వదిన, ఇంకొందరు చుట్టాలు. వర్డ్‌ప్రెస్ సంగతులు చూసేది నేను. ట్యాగులు ఎక్కువైతే గూగుల్‌లో వెనకబడతామా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పోస్టు కింద నాలుగు ట్యాగులు కనిపించినంత మాత్రాన ర్యాంకు పెరగదు, తరగదు. పేజీ కోడులో దాచే వెతుకుడు మాటల జాబితాను, అంటే కీవర్డ్స్ మెటా ట్యాగును, పట్టించుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. దానికీ పోస్టు కింది ట్యాగులకూ పేరులో తప్ప చుట్టరికం లేదు. అయినా చాలామంది రెంటినీ కలిపేసి కంగారు పడతారు.

అసలు చిక్కు వేరే. కొత్త ట్యాగు కొట్టిన ప్రతిసారీ సైటులో కొత్త పేజీ ఒకటి పుడుతుంది. ఒకే వంటకు ‘గోంగూర’, ‘ఆంధ్రా గోంగూర’, ‘పుల్ల గోంగూర’, ‘గోంగూర పచ్చడి’ అని ట్యాగులు తగిలిస్తే, ఆ ఒక్క పోస్టునే చూపించే పేజీలు నాలుగు తయారవుతాయి. వాటిలో సొంత సరుకంటూ ఏమీ ఉండదు. పైగా 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ తానే సైట్‌మ్యాప్ (గూగుల్‌లాంటివాటికి ఇచ్చే పేజీల జాబితా) తయారుచేస్తుంది, అందులో ఈ ట్యాగు పేజీలు కూడా చేరతాయి. అంటే ఆ ఖాళీ పేజీలకు గూగుల్‌ను మనమే పిలిచి కూర్చోబెడుతున్నాం.

మన సైటు గూగుల్‌లో ఎలా ఉందో చూపించే సెర్చ్ కన్సోల్‌లో ‘క్రాల్ అయింది, ప్రస్తుతానికి ఇండెక్స్ కాలేదు’ (గూగుల్ వచ్చి చదివింది, తన జాబితాలో మాత్రం చేర్చుకోలేదు) అన్న జాబితా తెరిస్తే మా సైటువి చాలావరకు ట్యాగు పేజీలే కనిపించేవి. అది శిక్షేమీ కాదు. క్రాల్ బడ్జెట్, అంటే మన పేజీలు చదవడానికి గూగుల్ కేటాయించే సమయం, కరిగిపోతుందని భయపెట్టేవాళ్లూ ఉన్నారు గానీ, ఆ గొడవ పెద్ద పెద్ద సైట్లకు సంబంధించింది, మనలాంటివాళ్లకు కాదు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇంకోటి: ఎవరో పచ్చడి కోసం వెతికితే అసలు వంట పేజీకి బదులు ట్యాగు పేజీ పైకొచ్చి కూర్చునేది. వచ్చినవాళ్లకు ఒక ఫొటో, రెండు ముక్కలు కనిపిస్తాయి. వంట చదవాలంటే ఇంకో నొక్కు నొక్కాలి. అంత ఓపిక ఎవరికుంటుంది?

తెలుగులో రాసేవాళ్లకు అదనంగా రెండు తలనొప్పులున్నాయి. ఒకటి స్పెల్లింగు. ‘పచ్చళ్లు’ ఒకరు కొడతారు, ‘పచ్చళ్ళు’ ఇంకొకరు కొడతారు. చదివేవాళ్లకు తేడా లేదు, వర్డ్‌ప్రెస్‌కు మాత్రం అవి రెండు ట్యాగులు. రెండోది స్లగ్, అంటే చిరునామాలో చేరే పేరు. దీనికి 200 అక్షరాల హద్దు ఉంది. ఇంగ్లీషుకు అది ధారాళం. తెలుగులో ఒక్కో అక్షరమూ, గుణింతపు గుర్తూ శాతం గుర్తుల కోడులోకి మారేసరికి తొమ్మిదేసి చోట్లు తింటాయి. ‘గోంగూర పచ్చడి తయారీ విధానం’ అని పెడితే చిరునామా ‘విధా’ దగ్గర తెగిపోతుంది. అందుకే స్లగ్గులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా కొడతాం, కనిపించే పేరు మాత్రం తెలుగులోనే.

కేటగిరీల దగ్గర ఇంత తంటా లేదు. పచ్చళ్లు, పిండివంటలు, కూరలు, టిఫిన్లు, ఇలా గుప్పెడు చాలు. ఒక పోస్టు ఒకే కేటగిరీలో ఉండాలన్నది మా ఇంటి చట్టం. ‘అన్‌కేటగరైజ్డ్’ అని మొదట్నుంచీ ఉండేదానికి పేరు మార్చేశాం. కేటగిరీ వివరణ గడిలో వదిన నాలుగు పేరాలు రాసిపెట్టింది: ఆవకాయకు ఎలాంటి కాయ కావాలి, ఉప్పు ఎందుకు తగ్గించకూడదు, తడి తగిలితే ఏమవుతుంది. దాంతో అది ఉత్త జాబితాగా కాక చదవదగ్గ పేజీ అయింది. ఎండాకాలంలో గూగుల్ నుంచి నేరుగా ఆ పేజీకే వచ్చేవాళ్లున్నారు. వివరణను కొన్ని థీములు (సైటు రూపాన్ని ఇచ్చేవి) చూపించవు, అది సరిచూసుకోవాలి. చిరునామాలో కేటగిరీ పేరు కలపడం నాకు ఇష్టం లేదు, పోస్టును ఒక కేటగిరీ నుంచి ఇంకోదానికి మార్చితే చిరునామా కూడా మారిపోతుంది.

ట్యాగు పేజీలకు యోస్ట్ అయినా, ర్యాంక్ మ్యాత్ అయినా, ఏ ఎస్‌ఈఓ ప్లగిన్‌తోనైనా (గూగుల్‌లో సైటు బాగా కనిపించేందుకు వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే అదనపు సాధనం) నోఇండెక్స్ పెట్టొచ్చు, అంటే ఈ పేజీని వెతుకులాటలో చూపించొద్దని గూగుల్‌కు చెప్పొచ్చు. మేం అదే చేశాం. ఆ పేజీలనే, గూగుల్ ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలులో కూడా అడ్డగిస్తే మాత్రం పని చెడుతుంది. గూగుల్ పేజీ లోపలికి వెళ్తేనే కదా నోఇండెక్స్ చదివేది! ఇంకో మాట: చాలాకాలం నోఇండెక్స్‌లో ఉన్న పేజీలోని లింకులను గూగుల్ క్రమంగా వదిలేస్తుంది. పాత వంటలకు దారి ట్యాగుల మీదే ఆధారపడకూడదు. కేటగిరీ పేజీల నుంచీ, ఒక వంటలో ఇంకో వంట ప్రస్తావన నుంచీ లింకులుండాలి.

పాత ట్యాగులు ఏరివేయడం మాత్రం విసుగు పని. పోస్టు స్లగ్ మారిస్తే వర్డ్‌ప్రెస్ పాత చిరునామా నుంచి కొత్తదానికి తానే పంపిస్తుంది, ట్యాగు స్లగ్ మారిస్తే పంపదు. ఒక్కో పోస్టూ చేత్తో మార్చకుండా రెండు ట్యాగులను కలపాలన్నా ప్లగిన్ కావాలి. బయటి సైట్ల నుంచి లింకులున్నవాటికీ, జనం వస్తున్నవాటికీ 301 రీడైరెక్ట్ పెట్టాను, అంటే పాత చిరునామాకు వచ్చినవాళ్లు కొత్తదానికి వెళ్లిపోతారు. మిగతావి తీసిపారేశాను, ‘పేజీ లేదు’ అనే 404 వస్తే వచ్చింది.

ఇంత చేశాక మిగిలిన ట్యాగులు కొన్నే. ‘ఉల్లి వెల్లుల్లి లేనివి’, ‘కార్తీక మాసం’, ‘బాలింతలకు’. ఇవి కూరల్లోనూ ఉంటాయి, పచ్చళ్లలోనూ ఉంటాయి, ఏ ఒక్క కేటగిరీలోనూ ఇమడవు. ట్యాగుల అసలు పని ఇదే. వీటికి ముందుమాట రాసి, నోఇండెక్స్ ఎత్తేశాం. కింద అరడజను వంటలైనా లేకపోతే కొత్త ట్యాగు పుట్టదు. నేను చెప్పిన షరతు అదే.

వదినకు ఒక్క సందేహం మిగిలింది. “తెలంగాణ వాళ్లు గోంగూరను పుంటికూర అంటారు కదయ్యా, ఆ ట్యాగు తీసేస్తే వాళ్లకు మన వంట ఎలా దొరుకుతుంది?” అంది. ఆ మాట ట్యాగులో కన్నా వంట రాతలోనే ఉండాలన్నాను. మన సైటులోని వెతుకుడు పెట్టె కూడా మామూలుగా ట్యాగుల పేర్లు చూడదు, శీర్షికా, సారాంశమూ, లోపలి రాతా మాత్రమే చూస్తుంది. ఇప్పుడు వదిన ఆ వంట మొదటి పేరాలోనే ‘పుంటికూర’ అని రాసింది.