పాచిలో లంకలు చూపించిన చిన్న మైక్రోస్కోపు

పదకొండేళ్లుగా నా ఉద్యోగంలో సగం ఒక పొరతో పోరాటమే. మొన్న జూన్ వరకు ఆ పొరను నేను కళ్లతో చూసింది లేదు.

నేను డయాలిసిస్ టెక్నీషియన్‌ను. ఒక రోగికి నాలుగు గంటల డయాలిసిస్ చేస్తే సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు యంత్రం గుండా వెళతాయి. ఆ నీళ్లు వచ్చే గొట్టాల లోపలి గోడలకు సూక్ష్మజీవులు అంటుకుని పొర కట్టకుండా చూడటం మా బాధ్యత. దాన్నే బయోఫిల్మ్ అంటారు. గొట్టాలు శుద్ధి చేయడం, రిజిస్టరులో సంతకం పెట్టడం, నీటి నమూనా ల్యాబుకు పంపడం, మళ్లీ సంతకం. ఆ పొర ఎలా ఉంటుందని కొత్తగా చేరిన కుర్రవాడు ఒకసారి అడిగితే, జిగటగా ఉంటుందని చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు నాకే రుచించలేదు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పాఠాల్లో కూడా సూక్ష్మజీవులు వచ్చాయి. ఆ రెండూ కలిసి నన్ను మైక్రోస్కోపు కొట్టుకు నడిపించాయి.

కొన్నది విద్యార్థుల కోసం చేసే మామూలు రకం. హర్యానాలోని అంబాలా నుంచి మన ఊళ్ల బడులకు, కాలేజీలకు వచ్చే ఇనప దిమ్మ మైక్రోస్కోపు. ధర 2,850 రూపాయలు. కంటి దగ్గర పెట్టే కటకాలు రెండు ఇచ్చారు, 10 రెట్లది, 15 రెట్లది. కింద తిప్పుకునే కటకాలు 10 రెట్లది, 45 రెట్లది. అంటే 100 రెట్ల నుంచి 675 రెట్ల వరకు. కరెంటు అక్కర్లేదు, కింద అద్దం ఉంది, కిటికీ వైపు తిప్పుకుంటే చాలు. చెక్కపెట్టె, దానికో చిన్న తాళం. తాళంచెవి మాత్రం మా అమ్మాయి దగ్గరే ఉంటుంది.

పొరను పెంచడం చాలా తేలిక. అసలు కష్టమంతా దాన్ని పెరగకుండా ఆపడంలోనే ఉందని మా ఆసుపత్రిలో ఎవరినడిగినా చెబుతారు. రెండు లీటర్ల గాజు సీసా తీసుకున్నాను. జూన్ నెలాఖరు, గోదావరి కాలువలకు నీళ్లు వదిలిన కొత్త. కాలువ నీళ్లు తెచ్చి ఒక రాత్రి కదల్చకుండా ఉంచి, మట్టి అడుగుకు చేరాక పైనీళ్లు సీసాలోకి వంచాను. థర్మకోల్ ముక్కకు గాట్లు పెట్టి, గాట్లలో ఎనిమిది గాజు స్లైడులు నిలువుగా గుచ్చి నీళ్ల మీద తేల్చాను. నిలువుగా అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, పడుకోబెడితే పైనుంచి దుమ్ము, మట్టి రాలి పేరుకుంటాయి. నిలువు గాజు మీద ఉన్నది దానంతటది వచ్చి పట్టుకున్నదే అయ్యే అవకాశం ఎక్కువ. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో ఆర్థర్ హెన్రీసి అనే శాస్త్రవేత్త చెరువు నీళ్లలో గాజు స్లైడులు ముంచి, తీసి, నేరుగా మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. నీళ్లలోని బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం తేలుతూ తిరిగేవి కావని, ఏదో ఒక ఉపరితలాన్ని అంటిపెట్టుకుని బతికేవని 1933లో రాశాడు.

ఒకటో రోజు స్లైడులో ఏమీ లేదు. గాజు మీద గీతలు, రెండు నలుసులు. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. మూడో రోజు స్లైడు తీసేటప్పుడు వేలికి కాస్త జారుడుగా తగిలింది. చూపుకు మాత్రం శుభ్రమైన గాజే. అక్కడే రంగు అవసరమైంది.

నోటిపూతకు రాసే ఊదా మందు జెన్షన్ వయొలెట్ మందుల షాపులో దొరుకుతుంది. ఒక శాతం ద్రావణం. దాన్ని పది రెట్లు నీళ్లతో పలచన చేసుకుంటే 0.1 శాతం వస్తుంది. ప్రయోగశాలల్లో బయోఫిల్మ్‌ను కొలవడానికి వాడే క్రిస్టల్ వయొలెట్ (ఈ మందులోని ప్రధాన రంగు అదే) పాళ్లు కూడా దాదాపు అంతే. ముందు స్లైడును ఒక గిన్నెడు మంచినీళ్లలో మెల్లగా ముంచి తీయాలి. తేలుతున్నవి పోతాయి, పట్టుకున్నవి మిగులుతాయి. నీడలో ఆరబెట్టి, దీపం మంట మీదుగా రెండు మూడు సార్లు త్వరగా దాటించి, రంగు వేసి, అయిదు నిమిషాలాగి కడగాలి. ఇక్కడ నేను మొదట చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. పొర స్లైడుకు రెండు వైపులా పడుతుంది. అడుగు వైపు గుడ్డతో తుడవకపోతే రెండు పొరలూ ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి అంతా మసకగా కనిపిస్తుంది. ఒక సాయంత్రమంతా నేను మైక్రోస్కోపునే అనుమానించాను. తప్పు నాదే.

మూడో రోజు స్లైడు, 450 రెట్లు. ఊదా చుక్కలు, పొట్టి కడ్డీలు. ఒక్కొక్కటి విడిగా కాదు, అయిదూ పదీ కలిసి గుంపులుగా. గుంపుకూ గుంపుకూ మధ్య ఖాళీ గాజు. ఏడో రోజు స్లైడు పెట్టాక మా అమ్మాయి చాలాసేపు కన్ను తీయలేదు.

"నాన్నా, ఇవి లంకల్లా ఉన్నాయి," అంది.

నేనూ చూశాను. ధవళేశ్వరం దిగువన వంతెన మీదనుంచి చూస్తే గోదావరి పాయలుగా చీలి, పాయల మధ్య లంకలు పచ్చగా కనిపిస్తాయి కదా, అచ్చం అలాగే. మూడో రోజు గుంపులు పెరిగి ఒత్తుగా దిబ్బలయ్యాయి. దిబ్బల చుట్టూ లేత ఊదా రంగు పలచటి తెర. వాటి మధ్య మెలికలు తిరిగిన ఖాళీ దారులు. ఆరబెట్టిన స్లైడు కాబట్టి అదంతా ఎండి అణగిన రూపమే. బతికి ఉన్నప్పుడు ఆ తెర నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది. సూక్ష్మజీవులు తమ చుట్టూ తామే పోసుకునే ఆ జిగురులో చక్కెర గొలుసులు, మాంసకృత్తులు, బయటికి వచ్చిన డీఎన్ఏ ఉంటాయి. మిగతాది చాలా వరకు నీరే. లోపలున్న వాటికి అదే ఇల్లు, అదే గోడ. మధ్య దారుల్లోంచి నీరు పారి లోపలి వాటికి తిండి, ఆక్సిజన్ అందుతాయి. ఇదంతా శిక్షణలో విన్నాను, పరీక్షలో రాశాను. ఆ రోజు ఆ ఊదా దారుల వెంట చూపు పోతుంటే, పదకొండేళ్లుగా నేను శుద్ధి చేస్తున్న గొట్టాలు గుర్తొచ్చి గొంతు పట్టుకుపోయింది.

ఆ మరుసటి ప్రయోగం మా అమ్మాయి ఆలోచన. పదో రోజు స్లైడులు రెండు తీశాం. ఒకదాన్ని కుళాయి కింద నిమిషం పాటు ఉంచింది. రెండో దాన్ని చేతి తొడుగు వేసుకుని వేలితో గట్టిగా రుద్దింది. రెండింటికీ రంగు వేశాం. కుళాయి కింద కడిగిన స్లైడు అంతా ఊదా. రుద్దిన స్లైడు మీద వేలు నడిచిన మేర తెల్లటి బాట, అంచుల్లో మాత్రం ఊదా గీత. దీనికి మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చాలు. ఆ రోజే బడికి తీసుకెళ్లే నీళ్ల సీసా లోపల రుద్దడానికి బ్రష్షు కొనిపెట్టమంది. మా పని ఎందుకంత కష్టమో ఆ రెండు గాజు ముక్కలు చూస్తే తెలుస్తుంది. గొట్టం లోపల చేయి పెట్టి రుద్దలేం. అందుకే నీళ్లు నిలవకుండా తిరుగుతూ ఉండాలి, ఎక్కడా మూసుకుపోయిన కొసలు ఉండకూడదు, వేడితోనో మందుతోనో క్రమం తప్పకుండా శుద్ధి చేయాలి.

తెలుగులో ఒక సంగతి నాకు ఎంతో నచ్చింది. నీళ్ల తొట్టి గోడకు పట్టినదాన్ని పాచి అంటాం. పొద్దున లేవగానే పళ్లమీద ఉన్నదాన్నీ పాచి అనే అంటాం. రెండూ ఒకే జాతి పొరలని తెలిసే పెట్టారో, చేతికి తగిలిన జారుడును బట్టి పెట్టారో గానీ, పేరు మాత్రం సరిగ్గా కుదిరింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి లీవెన్‌హాక్ 1683లో తన పళ్ల పాచిని తానే తయారు చేసుకున్న ఒంటి కటకంతో చూసి లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. వెనిగర్‌తో నోరు కడిగితే పాచికి పైనున్న జీవులే చచ్చాయని, లోపలికి వెనిగర్ దిగలేదని కూడా ఆయన గమనించాడు. మందు ఎందుకు లోపలికి పోదని మేమిప్పటికీ మాట్లాడుకుంటున్నదీ అదే. మా అమ్మాయి పంటి పుల్లతో తన పాచి తీసి స్లైడు మీద రుద్దింది. కడ్డీలు, గొలుసులు, పొడవాటి దారాలు అన్నీ కనిపించాయి. ఆ రాత్రి పళ్లు తోముకోమని నేను చెప్పాల్సిన పని పడలేదు.

పద్నాలుగో రోజుకు స్లైడు అంచున పచ్చగా మారింది. రంగు వేయకుండా, నీటి చుక్క మీద కవర్ స్లిప్ అనే పలచటి గాజు బిళ్ల వేసి 100 రెట్లలో చూశాం. ఒంటికణపు నాచు జాతికి చెందిన, పడవ ఆకారపు డయాటమ్‌లు బంగారు గోధుమ రంగులో నెమ్మదిగా జరుగుతున్నాయి. పొర మీద కాడతో నాటుకుని నిలబడ్డ గంటపూల లాంటి ఒంటికణ జీవులు, వర్టిసెల్లాలు అయిదారు. బల్ల కాస్త కదిలితే చాలు, కాడ స్ప్రింగులా చుట్టుకుని టక్కున కిందికి ముడుచుకుంటుంది. మళ్లీ తీరుబడిగా విచ్చుకుంటుంది. ఫోను కెమెరాను కటకానికి ఆనించి తీసిన వీడియో మా వార్డులో అందరూ చూశారు.

ఇక వస్తువులో ఉన్న లోపాలు. 15 రెట్ల కంటి కటకం ఇవ్వకపోయినా నష్టం లేదు. 675 రెట్లలో బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్తగా ఏదీ తెలియదు, మసక కూడా పెద్దదవుతుంది. నేను ఆ కటకం తీసి పెట్టెలో పెట్టేశాను. చూసే వలయంలో మధ్య భాగమే స్పష్టం, అంచుల్లో నీలం, ఎరుపు చారలు వస్తాయి. అద్దం పట్టుకునే కీలు వారానికే వదులైంది, స్క్రూ బిగించుకోవాల్సి వచ్చింది. వెలుతురును ఒకచోటికి చేర్చే కండెన్సర్ లేదు కాబట్టి సాయంత్రం అయిదు దాటితే 45 రెట్ల కటకంతో పని జరగదు. ఎల్‌ఈడీ దీపం ముందు తెల్ల కాగితం అడ్డుపెట్టి అద్దం మీదికి వేస్తే కొంత నయం. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది 45 రెట్ల కటకం దించేటప్పుడు. అది స్లైడుకు మిల్లీమీటరు దూరం కూడా లేకుండా దగ్గరికి వస్తుంది. మొదటిరోజు కవర్ స్లిప్ పగలగొట్టాను. పక్కనుంచి చూస్తూ దించి, కన్ను పెట్టాక పైకి మాత్రమే తిప్పాలి.

కొట్టు గురించి. మొదట ఇచ్చిన 45 రెట్ల కటకం లోపల బూజు మచ్చ ఉంది. వెనక్కి తీసుకెళితే కొట్టు కుర్రవాడు అన్నీ అలాగే ఉంటాయన్నాడు. రెండోసారి యజమాని ఉన్నప్పుడు వెళ్లి ఉల్లిపొర స్లైడు పెట్టి చూపించాను. ఆయన చూసి, ఏమీ మాట్లాడకుండా వేరే పెట్టెలోంచి కటకం విప్పి మార్చి ఇచ్చాడు. అందుకే చెబుతున్నాను, కొనేటప్పుడు ఉల్లిపాయ వెంట తీసుకెళ్లండి. రెండు కటకాలతోనూ చూసి, కణం గోడ గీత సన్నగా, స్పష్టంగా కనిపిస్తేనే డబ్బులివ్వండి. స్లైడులు యాభై, కవర్ స్లిప్పులు ఒక డబ్బీ అక్కడే కొనుక్కోండి, మరో మూడు వందలవుతాయి.

కాగితం మడిచి చేసే ఫోల్డ్‌స్కోప్ గురించి అడిగేవాళ్లుంటారు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం రూపొందించింది, సుమారు 140 రెట్లు. జేబులో పెట్టుకుని చెరువు గట్టుకు తీసుకెళ్లాలంటే అదే మంచిది, డయాటమ్‌లకు, వర్టిసెల్లాలకు బాగా సరిపోతుంది. ఒక్కో బ్యాక్టీరియాను విడిగా చూసి లంకలు లెక్కపెట్టాలంటే 450 రెట్లు కావాలి. నా అవసరం అది.

పిల్లలతో చేసేవాళ్లకు ఒక మాట. కాలువ నీళ్లు, చెరువు నీళ్లు, పళ్ల పాచి వరకే ఉండండి. గొంతులోంచి, పుండులోంచి, మరుగుదొడ్డిలోంచి తీసినవి ఇంట్లో పెంచవద్దు. త్వరగా పెరగాలని నేను రెండో సీసాలో చెంచాడు గంజి పోశాను. రెండు రోజుల్లో నీళ్లు తెల్లబడి వాసన కొట్టాయి. ఏం పెరిగిందో తెలియనిది ఇంట్లో ఉంచడం నాకు ఇష్టం లేక బ్లీచింగ్ నీళ్లు పోసి అరగంటాగి పారబోశాను. వాడిన స్లైడులన్నీ కూడా అలాగే నానబెట్టి కడుగుతాం. చేతి తొడుగులు, తర్వాత సబ్బు.

ఈ ధరకు ఈ పని కోసమైతే నేను మళ్లీ ఇదే కొంటాను. ఇప్పుడు కిటికీలో కొత్త సీసా ఉంది. ఈసారి గాజు పక్కనే, వాడని సెలైన్ గొట్టం ముక్కను నిలువునా చీల్చి, పలకలా పరిచి, గాటులో గుచ్చాం. దేనిమీద ముందు లంకలు లేస్తాయో చూడాలని మా అమ్మాయి పుస్తకంలో రెండు గళ్లు గీసుకుంది. ఆదివారానికి ఏడో రోజు. ఆ రోజు నాకు సెలవు.